క్రూస్ 34 ఏళ్లకు ఆట ఆపాడు, మన పిల్లల్ని 15కే ఆపకండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ప్రైవేటు జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, హాస్టల్ వార్డెన్లకు,

నమస్కారం.

పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. మీ పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతున్నారు. ఎంపీసీనా బైపీసీనా, హాస్టలా డే స్కాలరా, ఫీజులో ఎంత తగ్గిస్తారు అన్న మాటలు కొర్లగుంట నుంచి తిరుచానూరు దాకా ప్రతి ఇంట్లో నడుస్తున్నాయి. నేను తిరుపతికి దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. పొద్దున బడికి ముందు, సాయంత్రం బడి వదిలాక పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను. మీ అడ్మిషన్ల కాలం వచ్చిందంటే నాకు గుండెల్లో దడ. ఏటా నా జట్టులో అందరికంటే బాగా ఆడేవాళ్లు ఈ రోజుల్లోనే ఆట మానేస్తారు. దెబ్బేమీ తగిలి ఉండదు, ఆట మీద ఇష్టమూ పోయి ఉండదు. మీ హాస్టల్లో చేరుతున్నారు, అంతే.

విడివిడిగా కొందరు ప్రిన్సిపాళ్లను కలిశాను. మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడారు, చూద్దాం సార్ అన్నారు. ఆ తర్వాత ఏమీ కదల్లేదు. అందుకే అందరికీ కలిపి ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

ఒక జర్మన్ ఆటగాడి సంగతితో మొదలుపెడతాను. మీలో ఫుట్‌బాల్ చూడనివాళ్లు ఉంటారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

అతని పేరు టోనీ క్రూస్. స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్ క్లబ్బుకు పదేళ్లపాటు మైదానం మధ్యలో ఆడాడు. పెద్ద వేగం లేదు. గోల్స్ కూడా ఎక్కువ కొట్టడు. అతని విద్య అంతా పాస్‌లో ఉంది. బంతి ఎవరికి అందాలి, ఎప్పుడు అందాలి, ఏ కాలికి అందాలి అన్నది అతనికి తెలిసినంత బాగా ఈ తరంలో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. 2024 జూన్ 14న మ్యూనిక్‌లో యూరో కప్ మొదటి మ్యాచ్. స్కాట్లాండ్ మీద అతను 102 పాస్‌లు ఇస్తే 101 సరిగ్గా చేరాయి. జర్మనీ 5-1తో గెలిచింది. అప్పటికి అతను రిటైర్ అవుతున్నానని చెప్పేసి మూడు వారాలు దాటింది.

మే 21న ఆ ప్రకటన వచ్చింది. వయసు 34. కాలు సత్తువ తగ్గలేదు, జట్టులో చోటుకు ఢోకా లేదు, ఒప్పందం పొడిగించడానికి క్లబ్బు సిద్ధంగా ఉంది. అయినా చాలన్నాడు. రియల్ మాడ్రిడే తన చివరి క్లబ్బని ముందు నుంచీ చెబుతూ వచ్చాడు, ఆట పైస్థాయిలో ఉండగానే ముగించాలన్నది తన కోరిక అన్నాడు. మే 25న మాడ్రిడ్‌లో, సొంత మైదానంలో ఆఖరి మ్యాచ్ ఆడి బయటికి వస్తుంటే అతని ముగ్గురు పిల్లలు గీత దగ్గర ఏడుస్తూ నిలబడ్డారు. వాళ్లను హత్తుకున్నాక అతనికీ కన్నీళ్లు ఆగలేదు. జూన్ 1న లండన్‌లోని వెంబ్లీలో, యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, మనకు అప్పుడు అర్ధరాత్రి పన్నెండున్నర. 74వ నిమిషంలో క్రూస్ మైదానం మూల నుంచి కార్నర్ కొట్టాడు. ఆ పొడవాటి మనుషుల మధ్యలో పొట్టివాడైన సహచరుడు కార్వహాల్ ఎగిరి తలతో గోల్‌లోకి పంపాడు. బొరుస్సియా డార్ట్‌మండ్ క్లబ్బు మీద రియల్ 2-0తో గెలిచింది. క్రూస్‌కు అది ఆరో ఛాంపియన్స్ లీగ్ కప్పు. 2014లో ప్రపంచ కప్పు ఎలాగూ గెలిచాడు. జూలై 5న యూరో కప్‌లో, స్టుట్‌గార్ట్‌లో స్పెయిన్ చేతిలో జర్మనీ 1-2తో ఓడిపోయింది. దాంతో అతని ఆట ముగిసింది.

మా పిల్లలకు ఇది మింగుడుపడలేదు. మా మిడ్‌ఫీల్డర్ కుర్రాడు మరీనూ. "ఇంత బాగా ఆడతా ఉండాడు కదా సార్, ఇప్పుడెందుకు మానేసేది?" అని రోజూ అడిగేవాడు. అతను ఆడాల్సిందంతా ఆడాడు నాయనా, ఎప్పుడు ఆపాలో తనే తేల్చుకున్నాడు అని చెప్పాను. ఆ జూన్‌లోనే ఆ కుర్రాడు ఇంటర్‌లో చేరాడు. వాడి ఆట ఎప్పుడు ఆగాలన్నది మాత్రం వేరేవాళ్లు తేల్చారు.

వాడి గురించి కొంచెం చెప్పనివ్వండి. మీ రిజిస్టర్లలో వాడు ఒక హాల్ టికెట్ నంబరుగానే కనిపిస్తాడు. బంతి తన దగ్గరికి వచ్చేలోపే వాడు భుజం మీదుగా రెండుసార్లు వెనక్కి చూసుకునేవాడు. ఎవరెక్కడున్నారో ముందే తెలుసు కాబట్టి బంతి కాలికి తగిలిన వెంటనే పాస్ వెళ్లిపోయేది. ఇది నేర్పడం ఎంత కష్టమో ఏ కోచ్‌నైనా అడగండి. పరుగు నేర్పొచ్చు, షాట్ నేర్పొచ్చు, ఈ చూపు నేర్పడానికి ఏళ్లు పడుతుంది. ఒక్కోసారి ఎంత నేర్పినా రాదు. క్రూస్ ఏళ్ల తరబడి ఒకే రకం తెల్ల అడిడాస్ బూట్లు వేసుకునేవాడని వీడు ఎక్కడో చదివాడు. వీడివి ఎవరో వాడి వదిలేసిన నల్ల బూట్లు. కాన్వాస్ షూలకు పూసే తెల్ల పాలిష్ తెచ్చి వాటికి పూసేవాడు. వాన పడితే ఆ తెలుపంతా కారి మేజోళ్లకు అంటుకునేది. మర్నాడు మళ్లీ పూసుకొచ్చేవాడు.

వాళ్ల నాన్న అలిపిరి దగ్గర చిన్న అంగడి పెట్టుకుని బతుకుతున్న మనిషి. ఒక సాయంత్రం కొడుకును వెంటబెట్టుకుని గ్రౌండ్‌కి వచ్చాడు. "మీరే వానికి చెప్పండి సామీ. నా మాట వినేట్టు లేడు. రెండేండ్లు బంతి ముట్టకుండా చదివితే చాలంట, ఆ పైన లైఫంతా బాగుంటుందని కాలేజీవాళ్లు చెప్పినారు" అన్నాడు. ఆ తండ్రిని నేను ఒక్క మాట అనలేను. రోజంతా నిలబడి సంపాదించిన డబ్బు తెచ్చి మీ చేతిలో పెట్టాడు, కొడుకు తనలా నిలబడకూడదని. కుర్రాడు ఏమీ మాట్లాడలేదు. బూట్లు విప్పి నా చేతికిచ్చి, చిన్నపిల్లల్లో ఎవరికి సరిపోతే వాళ్లకిమ్మన్నాడు.

ఈ మార్చిలో ఇంటర్ పరీక్షలు రాశాడు. ఇంటికి వచ్చాక ఒకరోజు గ్రౌండ్‌లో కనిపించాడు. చిన్నపిల్లలతో కలిసి దిగాడు, అరగంటకే ఆయాసపడి గోల్‌పోస్టు పక్కన కూర్చున్నాడు. ఒళ్లు పెరిగింది. వెనక్కి చూసుకునే అలవాటు ఇంకా ఉంది, ఖాళీ ఎక్కడుందో కనిపెడుతున్నాడు, బంతిని అక్కడికి పంపే కాలు మాత్రం సహకరించడం లేదు. మార్కులు బాగానే వస్తాయన్నాడు. సంతోషమే. కానీ ఆ రెండేళ్లలో రోజుకు ఒక గంట వాణ్ణి ఆడనిచ్చి ఉంటే ఆ మార్కులు తగ్గేవని నాకెవరూ చెప్పకండి.

అవే రెండేళ్లలో క్రూస్ ఏం చేశాడో చూడండి. 2006లో, 16 ఏళ్లప్పుడు, రోస్టాక్ క్లబ్బు నుంచి బయెర్న్ మ్యూనిక్ యువజట్టుకు వెళ్లాడు. మన లెక్కలో అది ఇంటర్ ఫస్టియర్. 2007లో దక్షిణ కొరియాలో జరిగిన అండర్-17 ప్రపంచ కప్‌లో ఉత్తమ ఆటగాడిగా బంగారు బంతి అందుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో బయెర్న్ పెద్ద జట్టులోకి మొదటిసారి దిగి, ఆఖర్లో దొరికిన కొద్ది నిమిషాల్లోనే సహచరుడు క్లోజేకు రెండు గోల్స్ అందించాడు. అది సెకండియర్. ఆ రెండేళ్లు తీసేస్తే 102లో 101 పాస్‌లు లేవు, వెంబ్లీ కార్నర్ లేదు, శిఖరం మీద నిలబడి ఇక చాలు అని చెప్పే రోజూ లేదు.

ప్రతి పిల్లవాడూ క్రూస్ అవుతాడని నేను అనడం లేదు. మా గ్రౌండ్‌లో ఆడేవాళ్లలో ఎక్కువమంది చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడతారు, అలాగే జరగాలి కూడా. ఆపాల్సి వస్తే ఆ మాట వాళ్ల నోటి నుంచి రావాలన్నదే నా బాధ. 15 ఏళ్ల పిల్లవాడి ఆటను పెద్దవాళ్లు ఒక అడ్మిషన్ ఫారంతో ముగించేస్తే వాడు ఎంత దూరం వెళ్లేవాడో వాడికీ తెలియదు, మనకూ తెలియదు.

ఆట మంచి ఊపులో ఉండగా బలవంతంగా ఆగిపోతే ఎలా ఉంటుందో మనవాళ్లలోనే ఒకరున్నారు, ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ అమ్ముగూడలో 1936లో పుట్టారు. ఆయన్ను గుర్తించి పైకి తెచ్చినవారు సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ బళ్లలో పాఠాలు చెప్పిన మాస్టారు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన తయారుచేసిందే. ఆటకు రావడానికి బలరాం దగ్గర డబ్బు లేకపోతే సైకిలు అద్దెకు రహీం సాబే రూపాయి ఇచ్చేవారని చెప్పుకుంటారు. ఆ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ఆ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు. అప్పటికే ఒంట్లో బాగోలేకున్నా ఆ జట్టును నడిపించిన రహీం సాబ్ మరుసటి ఏడాది కన్నుమూశారు. అదే 1963లో బలరాం గారికి ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ఆట ఆపేయక తప్పలేదు. నడి యవ్వనం, ఆట మంచి పట్టులో ఉన్న సమయం. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయేదాకా, ఇంకో నాలుగేళ్లు ఆడి ఉంటే ఎంత ఎత్తుకు వెళ్లేవారో అని ఆ ఆట చూసినవాళ్లు చెప్పుకుంటూనే ఉన్నారు. బలరాం గారిని ఆపింది జబ్బు. మన పిల్లలకు ఏ జబ్బూ లేదు.

ఆయనతో కలిసి ఆడిన చునీ గోస్వామి ఆ జకార్తా జట్టు కెప్టెన్. 1964లో, ముప్ఫై ఏళ్లు నిండకముందే, ఇష్టపూర్వకంగా దేశం తరఫున ఆట ముగించారు. తర్వాత క్రికెట్లో బెంగాల్‌కు కెప్టెన్‌గా రంజీ ఫైనల్ దాకా జట్టును తీసుకెళ్లారు. ఆయనకు అన్ని దారులూ తెరిచి ఉన్నాయి, ఏది మూయాలో ఆయనే ఎంచుకున్నారు.

ఇక మన రోజుల్లోకి వస్తే, వెంబ్లీ ఫైనల్ జరిగిన ఐదు రోజులకు కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో సునీల్ ఛెత్రీ దేశం తరఫున ఆఖరి మ్యాచ్ ఆడాడు. 2024 జూన్ 6, కువైట్ మీద 0-0. ఛెత్రీ పుట్టింది సికింద్రాబాద్‌లోనే. 94 గోల్స్ కొట్టిన మనిషిని దేశమంతా కన్నీళ్లతో సాగనంపింది. ఆ 2024లో భారత జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేకపోయింది. గోల్ కొట్టేవాడు లేడు. చివరికి 2025 మార్చిలో 40 ఏళ్ల ఛెత్రీని మళ్లీ పిలిపించారు. వచ్చీ రాగానే మాల్దీవుల మీద గోల్ కొట్టాడు కూడా. ఆయన్ను చూసి గర్వపడ్డాను, మన పరిస్థితికి సిగ్గుపడ్డాను. ఇన్ని కోట్ల మంది ఉన్న దేశంలో ఒక మనిషి ప్రశాంతంగా రిటైర్ కావడానికి వీల్లేకపోయింది, వెనక వచ్చేవాళ్లు లేక. ఎలా ఉంటారు? మామిడి పిందెలను రాల్చేసి, ఎండాకాలం వచ్చాక పండ్లేవని తోట చుట్టూ వెతికితే దొరుకుతాయా?

జర్మనీ కూడా ఒకప్పుడు ఇలాగే దెబ్బతింది. 2000 యూరో కప్‌లో ఒక్క మ్యాచ్ గెలవకుండా గ్రూపులో ఆఖరి స్థానంతో ఇంటికొచ్చింది. ఆ అవమానం తర్వాత వాళ్లు దేశమంతటా వందల శిక్షణ కేంద్రాలు పెట్టారు. పెద్ద క్లబ్బులన్నీ పిల్లల అకాడమీలు నడిపి తీరాలని నియమం తెచ్చారు. మీరు గమనించాల్సింది ఆ తర్వాతి పని. అకాడమీలు దగ్గర్లోని బళ్లతో మాట్లాడుకుని టైంటేబుల్ సర్దుకున్నాయి. పొద్దున ప్రాక్టీసుకు వెళ్లిన పిల్లవాడికి తప్పిపోయిన పాఠం తర్వాత చెబుతారు. గెల్సెన్‌కిర్షెన్ అనే ఊళ్లో బెర్గర్ ఫెల్డ్ అని ఒక బడి ఉంది. 2014లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో నోయర్, ఓజిల్, హోవెడెస్, డ్రాక్స్‌లర్, ఈ నలుగురూ ఆ ఒక్క బడిలో చదివినవాళ్లే. బడి అన్నాక చదువూ ఉంటుంది, పరీక్షలూ ఉంటాయి. ఆ బడి వాళ్లను ఆట మానుకోమని మాత్రం చెప్పలేదు.

ఆ నాలుగు పేర్లు చదివినప్పుడల్లా నాకు మన తిరుపతి గుర్తొస్తుంది. ఇన్ని కాలేజీలు, ఇన్ని వేల మంది పిల్లలు, నాలుగు దిక్కుల నుంచీ ఇక్కడికే వచ్చి చదివే ఊరు. మీ ర్యాంకుల ఫ్లెక్సీలు రోడ్డుకు రెండు వైపులా చూస్తుంటాను. ఆ ర్యాంకుల వెనక మీ లెక్చరర్ల కష్టం ఉంది, పిల్లల కష్టం ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఆ ఫ్లెక్సీ మీద ఒక మూల మీ కాలేజీ నుంచి రాష్ట్ర జట్టుకు ఆడిన పిల్లవాడి ఫొటో కూడా ఉండాలని నా కోరిక. ఉంటే మీ పేరుకు ఏ నష్టమూ రాదు.

మీ వైపు నుంచి వచ్చే జవాబు నాకు తెలుసు. తల్లిదండ్రులే ఆటలు వద్దంటున్నారు, మేమేం చేయాలి అంటారు. నిజమే, వద్దంటున్నారు. మీరు మొదటి రోజు చెప్పే మాటను బట్టే వాళ్లు వద్దంటున్నారు. అలిపిరి అంగడి మనిషికి ఫుట్‌బాల్ గురించి తెలియదు, చదువు గురించీ తెలియదు, మీ పీఆర్వో చెప్పిన మాట ఒక్కటే తెలుసు. అదే పీఆర్వో 'మా దగ్గర రోజూ సాయంత్రం ఒక గంట ఆట ఉంటుంది, అది పిల్లలకు అవసరం' అని చెబితే ఆ తండ్రి తల ఊపేవాడు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని, పరుగెత్తాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ దగ్గరున్నది ఆ వయసు పిల్లలే. తెల్లవారకముందే లేపి, స్టడీ అవర్ తర్వాత స్టడీ అవర్ నడిపి, రాత్రి పదికి పడుకోబెడితే ఆ 60 నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లో వచ్చే వార్తలు మీరూ చదువుతున్నారు. ఆ ఇళ్ల పరిస్థితి తలుచుకుంటే నాకు అన్నం సహించదు. ఆట ఒక్కటే ఆ టెన్షన్ అంతా తీర్చేస్తుందని నేను చెప్పలేను. కానీ ఓడిపోయిన సాయంత్రం ఏడ్చి, మర్నాడు పొద్దున మళ్లీ బూట్లు కట్టుకుని వచ్చిన పిల్లలను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. ఓడిపోయాక మళ్లీ లేచి రావచ్చన్న సంగతి వాళ్లకు ఎవరూ పాఠంగా చెప్పలేదు.

గ్రౌండ్ లేదు అని రెండో జవాబు. ఐదంతస్తుల బిల్డింగులో నడుస్తున్న కాలేజీకి గ్రౌండ్ ఉండదు, ఒప్పుకుంటాను. ఊళ్లో ఉన్నాయి కదా. ఎస్వీ యూనివర్సిటీ తారకరామ స్టేడియం ఉంది, ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ ఉంది, శ్రీనివాస స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. చిత్తూరులో మెసానికల్ గ్రౌండ్ ఉంది. పిల్లలను తెచ్చి దింపడానికి మీ దగ్గర బస్సులున్నాయి. ఆ బస్సులు సాయంత్రం ఐదు గంటలకు షెడ్డులో ఆగి ఉంటాయి. అనుమతులకు అడగాల్సినవాళ్లను అడుగుదాం, నేనూ వస్తాను.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. మగపిల్లవాడు రెండేళ్లు ఆగిపోయినా బీటెక్‌లో చేరాక ఎక్కడో ఒకచోట బంతి తంతాడు. అమ్మాయి ఆగిందంటే ఆగినట్టే. రేణిగుంట వైపు నుంచి బస్సెక్కి వచ్చే ఒక అమ్మాయి మాకు గోల్‌కీపర్‌గా ఉండేది. పెనాల్టీ కొట్టేవాడి నడుము ఏ వైపు తిరుగుతుందో చూసి దూకేది, మగపిల్లలు కూడా ఆమె ఎదుట తడబడేవాళ్లు. పదో తరగతి తర్వాత హాస్టల్లో వేశారు. అక్కడ అమ్మాయిలు గేటు దాటకూడదు, ప్రాంగణంలో ఆడుకోవడానికి చోటు లేదు. అండర్-19 ఎంపికల సమయంలో వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, ఆదివారం టెస్ట్ ఉందంట సార్, పంపించరంట అని చెప్పింది. అమ్మకు పంపాలని ఉంది, పాపకు రావాలని ఉంది. పంపించనిది మీరే. పక్కనే అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థవాళ్లు పల్లెటూరి ఆడపిల్లల చేత ఏళ్లుగా ఫుట్‌బాల్ ఆడిస్తున్నారు. నిజామాబాద్ జిల్లాలో ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. రేణిగుంట అమ్మాయి ఎందుకు ఆడకూడదు?

ఆ అండర్-19 స్కూల్ గేమ్స్ ఇంటర్ చదివే పిల్లల కోసమే పెట్టినవి. ఎంపికలకు రావాలంటే ఎంట్రీ ఫారం మీద ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ ముద్ర కావాలి. ఆ సంతకం లేకే ఎంతోమంది ఇంటి దగ్గరే ఆగిపోతున్నారు. ఒక్క సంతకం సార్. ఆ ఒకటి రెండు రోజులు పిల్లవాడు రాయలేకపోయిన టెస్ట్‌ను తర్వాత రాయించండి. జర్మనీ బళ్లు చేసింది అంతే. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను మన రాష్ట్రంలో 2 నుంచి 3 శాతానికి పెంచారు. రైల్వేలో, పోలీసుల్లో, సైన్యంలో ఆటగాళ్లకు చోటుంది. ఆ కోటాకు అర్హత రావాలంటే పిల్లవాడి చేతిలో సర్టిఫికెట్లు ఉండాలి. అండర్-19 ఆడకుండా ఆ వయసు సర్టిఫికెట్ ఎక్కడి నుంచి వస్తుంది? బిడ్డ బతుకు బాగుపడాలని మీ దగ్గరికి పంపిన తల్లిదండ్రులకు ఈ దారి ఒకటి ఉందని చెప్పాల్సిన బాధ్యత మీ మీద లేదా?

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. హాస్టల్ పిల్లలకు సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఆట. అది అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఉండాలి, పరీక్షల నెలలో కూడా ఉండాలి. పేరుకు కాకుండా నిజంగా గ్రౌండ్‌లో నిలబడే ఒక పీడీని, అంటే ఆటలు నేర్పే అధ్యాపకుణ్ణి పెట్టుకోండి. అడ్మిషన్ ఫారంలో ఒక గడి చేర్చండి, పిల్లవాడు ఏ ఆట ఆడతాడు, ఏ స్థాయి దాకా ఆడాడు అని. చేరిన రోజే మీకు తెలిస్తే సెలక్షన్ల సమయంలో వెతుక్కోవాల్సిన పని ఉండదు. ట్రంకు పెట్టెలో బూట్లు కనిపిస్తే వార్డెన్ గారు వాటిని తీసి పక్కన పెట్టకూడదు. ఇంతే.

పీడీ దొరకడం లేదంటే నన్ను పిలవండి. నాకు జీతం వద్దు. బంతులు, కోన్లు నేనే తెస్తాను. నా దగ్గర ఆడి పెద్దవాళ్లయి ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్న కుర్రాళ్లున్నారు, వారానికి రెండు సాయంత్రాలు వాళ్లూ వస్తామన్నారు. తిరుపతిలో ఏ నాలుగు కాలేజీలు ఒప్పుకున్నా చాలు, వాటి మధ్య నెలకొక మ్యాచ్ పెట్టొచ్చు. గెలిచినవాళ్లకు కప్పు కొనిచ్చే బాధ్యత నాది.

2026 జూన్ 11న అమెరికా, కెనడా, మెక్సికోల్లో ప్రపంచ కప్ మొదలవుతుంది. అప్పటికి మీ హాస్టళ్లలోకి కొత్త పిల్లలు వచ్చేసి ఉంటారు. వాళ్లలో మా బడి నుంచి వచ్చేవాళ్లు కూడా ఉంటారు. ఎవరెవరు ఏ కాలేజీలో చేరారో జాబితా రాసుకుని, చేరిన వారంలోనే ఒక్కొక్క ప్రిన్సిపాల్ దగ్గరికి నేనే వస్తాను. ఎంట్రీ ఫారాలు వెంట తెస్తాను. దయచేసి సంతకం పెట్టి పంపండి.

ఇట్లు,
జిల్లా పరిషత్ హైస్కూల్ పీఈటీ ఒకరు,
తిరుపతి జిల్లా